ఎద్దుల సీమలో గుర్రానికి ఏం పని?

కావలి నుంచి ఒక అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది: "మా అన్నయ్య పెళ్ళి ఊరేగింపులో గుర్రం ఉండాల్సిందేనని ఇంట్లో పట్టుబడుతున్నారు. మనది ఒంగోలు గిత్తల సీమ కదా, గుర్రంతో మనకు ఎప్పుడైనా సంబంధం ఉందా? ఈ కాలంలో మనిషికి గుర్రంతో నిజంగా పనేమైనా ఉందా, లేక ఫొటోల కోసమేనా?"

అమ్మా, నేను ముప్పై రెండేళ్ళు పశువైద్యుడిగా పనిచేసి రిటైరయ్యాను. కందుకూరు, కనిగిరి, ఉదయగిరి, చివర్లో నెల్లూరు. ఊళ్ళలో మమ్మల్ని గొడ్ల డాక్టరు అంటారు. చేతి కింద వేల ఎద్దులు, గేదెలు, గొర్రెలు వెళ్ళాయి. గుర్రాలు తక్కువే. అయినా గుర్రం మీద నాకు చిన్నప్పటి నుంచీ మమకారం. నెల్లూరులో మా ఇల్లు జట్కా స్టాండుకు నాలుగు అడుగుల దూరంలో ఉండేది. అందుకే మీ ప్రశ్న చూడగానే కాస్త వివరంగా రాద్దామనిపించింది.

ఒక్క మాట ముందే చెబుతాను. గుర్రం మన నేలలో పుట్టి పెరిగిన జంతువు కాదు. వందల ఏళ్ళుగా డబ్బు పోసి తెచ్చుకున్నది. అందువల్ల దాన్ని ఊరేగించాం, దేవుడికి వాహనం చేశాం, సామెతల్లో పెట్టుకున్నాం. దాని కడుపుకు ఏం పడుతుందో, కాళ్ళకు ఏం కావాలో మాత్రం సరిగ్గా నేర్చుకోలేదు. ఈ లోటు ఇప్పటిది కాదు, ఏడు వందల ఏళ్ళ నాటిది.

మనది ఎద్దుల సీమ ఎందుకైందో తెలిస్తే మిగతాది తేలిగ్గా అర్థమవుతుంది. ఒంగోలు గిత్త మెడ ఎప్పుడైనా దగ్గర్నుంచి చూడండి. మూపురానికి ముందు కాడి పెడితే దానికి వెనక మంచి ఆనుడు దొరుకుతుంది. మెడ, మూపురం, భుజాలు మూడూ కలిసి బరువు లాగుతాయి. గుర్రానికి మూపురం లేదు. అదే కాడి దాని మెడ మీద వేసి పట్టీ కడితే, లాగేకొద్దీ ఆ పట్టీ గొంతుకు బిగుసుకుంటుంది. బరువును భుజాల మీదికి పంచే మెత్తటి మెడపట్టెడ వచ్చిన తర్వాతే యూరప్‌లో గుర్రాలు జోరుగా నాగలి లాగాయి. మనకు ఆ అవసరమే పడలేదు. నల్లరేగడి దుక్కికి గిత్తలు ఉండనే ఉన్నాయి.

మేత సంగతి ఇంకా ముఖ్యం. ఎద్దు నెమరేసే జంతువు. ఎండు వరిగడ్డి, జొన్నచొప్ప వేసినా దాంట్లోంచి బలం తీసుకుంటుంది. దాని పెద్ద పొట్టలో 100 లీటర్లకు పైగా పడుతుంది. గుర్రం నెమరెయ్యదు. దాని పొట్టలో పట్టేది 8 నుంచి 15 లీటర్లే. కాబట్టి కొంచెం కొంచెంగా, రోజులో పద్నాలుగు పదహారు గంటలు మేస్తూనే ఉండాలి. పీచు పులిసి అరిగేది వెనక పేగుల్లో. పైగా గుర్రం వాంతి చేసుకోలేదు. లోపలికి పోయింది తేడా చేస్తే తిరిగి పైకొచ్చే దారే లేదు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండమ్మా, మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

గుర్రాన్ని మనిషి మచ్చిక చేసుకున్నది ఎక్కడో గడ్డి మైదానాల్లో. ఇప్పుడున్న పెంపుడు గుర్రాలన్నిటి మూలం రష్యాలో వోల్గా, డాన్ నదుల దిగువ ప్రాంతమని, సుమారు 4200 ఏళ్ళ కిందట అక్కడి నుంచి అవి నలుదిక్కులా వ్యాపించాయని 2021లో వచ్చిన జన్యు పరిశోధన తేల్చింది. చల్లటి పొడి గాలి, కనుచూపు మేర పచ్చిక, ఇదీ గుర్రం పుట్టిల్లు. మన కోస్తా ఉక్కపోత, వరి మడులు, చవిటి నేలలు దానికి అత్తారిల్లు కూడా కాదు, పరాయి ఊరు. రాజస్థాన్, గుజరాత్‌ల వైపు మార్వాడి, కాఠియవాడి లాంటి మంచి జాతులు తయారయ్యాయి. తూర్పు తీరంలో మనకంటూ పేరున్న గుర్రపు జాతి ఒక్కటీ లేదు.

మరి రాజులకు గుర్రపు దళం కావాలి. ఎక్కడి నుంచి తెచ్చారు? సముద్రం మీది నుంచి.

చీరాలకు దక్షిణాన మోటుపల్లి ఉంది. ఇప్పుడు బాపట్ల జిల్లాలోకి వెళ్ళింది గానీ 2022 దాకా ప్రకాశమే. ఇవాళ వెళ్తే ఇసుక, సరుగుడు చెట్లు, పాత గుడి కనిపిస్తాయి. 1244లో కాకతీయ గణపతిదేవుడు అక్కడే అభయశాసనం వేయించాడు. అంతకు ముందు ఓడ పగిలి సరుకు ఒడ్డుకు కొట్టుకొస్తే అది రాజుదే అన్నట్టు లాగేసుకునేవాళ్ళు. అలా చేయనని, ఖరారు చేసిన సుంకం తప్ప ఏమీ తీసుకోనని ఆయన రాయి మీద చెక్కించి వర్తకులకు మాట ఇచ్చాడు. తర్వాత 1358లో రెడ్డి రాజు అనపోతారెడ్డి కూడా అక్కడే వర్తకులకు శాసనం ఇచ్చాడు. ఆ కాలపు సముద్ర వర్తకుడు అవచి తిప్పయసెట్టి దేశదేశాల నుంచి తెప్పించిన సరుకుల్ని శ్రీనాథుడు హరవిలాసంలో వరసగా చెబుతాడు. అందులో కర్పూరం, కస్తూరి, ముత్యాలతో పాటు హురుమంజి తేజీలు కూడా ఉన్నాయి. హురుమంజి అంటే పర్షియా సింధుశాఖ ముఖద్వారంలో ఉన్న హర్మూజ్. తేజీ అంటే మేలుజాతి గుర్రం. మన పాత పద్యాల్లో గుర్రం విదేశీ పేరుతోనే కనిపిస్తుంది చూశారా!

త్రిపురాంతకం గుడికి వెళ్ళినప్పుడు శాసనాల వైపు కూడా ఒక చూపు చూడండి. కాయస్థ నాయకుడు అంబదేవుడు 1290లో వేయించిన శాసనం అక్కడ ఉంది. ఆయన కంటే ముందు ఆ వంశంలో పెద్ద గంగయ సాహిణి. సాహిణి అంటే గుర్రాల మీద అధికారి, అశ్వదళాన్ని నడిపించేవాడు. గుర్రం పని తెలిసినవాడికి ఆ రోజుల్లో ఏకంగా రాజ్యంలో వాటా దొరికేదంటే ఆ విద్యకు ఎంత గిరాకీయో ఊహించండి.

ఆ కాలంలోనే మన తీరానికి వచ్చిన మార్కో పోలో మోటుపల్లి గురించీ రాశాడు, ఇంకా దక్షిణాన తమిళ తీరం గురించీ రాశాడు. గుర్రాల ముచ్చట ఆ తమిళ తీరానిది. అక్కడి రాజు ఏటా రెండు వేలకు పైగా గుర్రాలు కొంటాడట, ఏడాది తిరిగేసరికి వందైనా మిగలవట. కారణం కూడా ఆయనే చెప్పాడు. అక్కడివాళ్ళకు గుర్రాన్ని చూసుకోవడం రాదు, వండిన అన్నం, మాంసం పెడతారు, లాడాలు కొట్టి వైద్యం చేసేవాళ్ళు లేరు. గుర్రాలు తెచ్చే వర్తకులు అలాంటి పనివాళ్ళను కావాలనే రానివ్వరు, గుర్రాలు బతికితే బేరం తగ్గుతుందని. పశువైద్యుడిగా నాకు ఇది చదివినప్పుడల్లా కడుపులో దేవినట్టుంటుంది. ఓడలో నెలల తరబడి నిలబడి వచ్చిన జంతువు, ఒడ్డున దిగాక అన్నం తిని చచ్చిపోయింది.

విజయనగరం కాలానికి ఈ వ్యాపారం ఇంకా పెరిగింది. నూనిజ్ అనే పోర్చుగీసు ఆయన, తనూ గుర్రాల వ్యాపారే, 1530ల్లో రాసిన దాంట్లో సాళువ నరసింహరాయల గురించి ఒక మాట ఉంది. రాయలు గుర్రాల్ని వెయ్యికి మూడు లెక్కన బంగారు నాణేలిచ్చి కొనేవాడట. దారిలో సముద్రం మీద చనిపోయిన గుర్రానికి తోక తెచ్చి చూపిస్తే చాలు, బతికున్న దానితో సమానంగా ధర కట్టేవాడట. వర్తకుడు ఇంకో రాజు దగ్గరికి పోకూడదని ఆ తాపత్రయం. కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో రాజనీతి చెబుతూ ఇదే మాట అంటాడు. దూరదేశాల నుంచి ఏనుగులు, మేలైన గుర్రాలు తెచ్చే వర్తకులకు ఊళ్ళు, కానుకలు, మంచి ధర ఇచ్చి దగ్గర చేసుకోవాలి, అవి శత్రువుకు చేరకూడదు అని. విజయనగర రాజు ఏటా 13,000 గుర్రాలు కొనేవాడని నూనిజ్ లెక్క.

మన ఉదయగిరి కోట దగ్గర మాత్రం ఈ గుర్రాలకు పెద్దగా పని పడి ఉండదని నా అభిప్రాయం. నేను అక్కడ పనిచేసిన రోజుల్లో ఆ కొండ చాలాసార్లు ఎక్కాను. సగం ఎక్కేసరికి మోకాళ్ళు పట్టేస్తాయి. 1514లో గజపతుల నుంచి ఆ కోటను తీసుకోవడానికి రాయలు కొండల్లో బండలు పగలగొట్టించి దారులు వేయించాల్సి వచ్చింది. ఒడిశా దొరలు గజపతులు, ఏనుగులకు అధిపతులు. ఢిల్లీ, దక్కను సుల్తానుల్ని అశ్వపతులు అనేవాళ్ళు. విజయనగరం వాళ్ళు నరపతులు. పేర్లలోనే ఎవరి బలం దేంట్లో ఉందో తెలిసిపోయేది. ఉదయగిరిలో చివరికి గెలిపించింది రాళ్ళు కొట్టిన మనుషులే.

కొన్నదే అయినా, గుర్రం మన మనసులో మాత్రం ఇంటి మనిషిలా స్థిరపడింది. నెల్లూరు తిక్కన విరాటపర్వంలో కవలలు మారువేషాలు వేసుకునే చోటు చూడండి. నకులుడు దామగ్రంథి పేరుతో గుర్రాలు చూసుకునే పనికి, సహదేవుడు ఆవుల మందలు చూసుకునే పనికి విరాటుడి కొలువులో చేరతారు. ఒకే కడుపున పుట్టిన ఇద్దరిలో ఒకరు గుర్రానికి, ఒకరు గొడ్డుకు. మా విద్య మొత్తం ఆ అన్నదమ్ములిద్దరిదీనని నాకు అనిపిస్తుంది.

రొట్టెల పండుగకు నెల్లూరు వచ్చారో లేదో, స్వర్ణాల చెరువు దగ్గరి బారాషహీద్ దర్గా కథలోనూ గుర్రాలే ఉన్నాయి. గండవరం దగ్గర జరిగిన యుద్ధంలో పన్నెండు మంది వీరుల తలలు తెగిపడితే, గుర్రాలు ఆ మొండేలను మోసుకుంటూ వచ్చి ఈ చెరువు గట్టున ఆగాయని చెప్పుకుంటారు. యజమాని ప్రాణం పోయినా మోసిన బరువు దించకుండా నడిచిన గుర్రాల కథ అది. ఏటా మొహర్రంలో అన్ని మతాల ఆడవాళ్ళు ఆ చెరువు నీళ్ళలో నిలబడి రొట్టెలు మార్చుకుంటారు. ఊళ్ళలో పీర్ల పండుగకు ఎత్తే పీర్లలో గుర్రపు లాడం ఆకారంలో ఉండేది నాల్ సాహెబు. అటు వైష్ణవ ఆలయాల్లో బ్రహ్మోత్సవాల చివరి రోజుల్లో స్వామి గుర్రం ఎక్కి రౌతులా ఊరేగుతాడు. తిరునాళ్ళలో కీలుగుర్రాల ఆట చూసే ఉంటారు. వెదురు చట్రం మీద గుడ్డ, కాగితం అంటించి రంగులు వేసిన గుర్రాన్ని నడుముకు కట్టుకుని, డప్పు దెబ్బకు ఎగురుతుంటే గుర్రమే కాళ్ళు ఎత్తి ఆడుతున్నట్టుంటుంది. చిన్నప్పుడు నేను ఆ గుడ్డ కింద ఎన్ని కాళ్ళున్నాయో వంగి చూసేవాణ్ణి.

మాటల సంగతి చెప్పనక్కర్లేదు. కాలవల్లో అల్లుకుపోయే కలుపు గుర్రపుడెక్క. అజమాయిషీ చేసేవాడు మెతకగా ఉంటే "రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ళతో నడుస్తుంది" అంటాం. మన పొలం మోటారుకు అయిదు హెచ్‌పీ, ఏడున్నర హెచ్‌పీ అంటామే, ఆ లెక్క కూడా గుర్రానిదే. తన ఆవిరి యంత్రం ఎన్ని గుర్రాల పని చేస్తుందో కొనేవాళ్ళకు చెప్పడానికి జేమ్స్ వాట్ కట్టిన కొలత అది, మన కరెంటు లెక్కలో 746 వాట్లు. ఇక "గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదు" అన్న సామెత నాకు అన్నిటికంటే ఇష్టం. పని ఉన్నా లేకపోయినా మేత పెట్టాల్సిందేనని మనవాళ్ళకు తెలుసు.

జట్కాల కాలంలో ఆ సామెతను పాటించిన మనుషుల్ని నేను కళ్ళారా చూశాను. మా ఇంటి పక్క స్టాండులో ఒక సాయిబు తాత ఉండేవాడు. తెల్లవారుజామున మూడు రాళ్ళ పొయ్యి మీద సత్తు గిన్నెలో ఉలవలు ఉడికేవి. ఆ గుగ్గిళ్ళు చల్లారాక చేత్తో కలిపి, వేడి పోయిందో లేదో తన చెంపకు ఆనించి చూసుకుని, అప్పుడు సంచిలో పోసి గుర్రం మూతికి కట్టేవాడు. ఉడికిన నీళ్ళు మా అమ్మ గిన్నెతో తెచ్చి చారు కాచేది. ఒకే పొయ్యి మీద ఉడికిన ఉలవలు గుర్రమూ తినేది, మేమూ తినేవాళ్ళం. బండెక్కాక "కాస్త ముందుకు జరగండమ్మా, బండి ఎత్తేస్తోంది" అనేవాడు. రెండు చక్రాల బండిలో బరువు వెనక్కి పోతే గుర్రం పొట్ట కింది వారు పైకి లాగేస్తుంది, ముందుకు పడితే వీపు నలుగుతుంది. ఆ తూకం చూసుకోకుండా ఆయన పగ్గాలు పట్టేవాడు కాదు. జనం అడ్డొస్తే కొరడా కర్రను తిరిగే చక్రం ఆకుల మధ్య పెట్టేవాడు, టకటకమని చప్పుడొచ్చి దారి దొరికేది. కొరడా గుర్రం ఒంటి మీద పడటం నేను చూసింది తక్కువ.

నెలన్నరకో రెండు నెలలకో లాడాలు కొట్టే ఆయన వచ్చేవాడు. గుర్రం కాలు మడిచి తన తొడల మధ్య బిగించుకుని, పాత మేకులు పీకి, పెరిగిన గిట్టను గోరు తీసినట్టు చెక్కేవాడు. గిట్ట నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. మేకు సరిగ్గా బయటి అంచులో దిగాలి. ఒక్క గోరంత లోపలికి పోయినా గుర్రం కుంటుతుంది. కొట్టాక సాయిబు తాత దాన్ని రాతి బాట మీద నడిపించి, కళ్ళు మూసుకుని వినేవాడు. నాలుగు కాళ్ళ చప్పుడు ఒకేలా ఉంటేనే కూలి డబ్బులు ఇచ్చేవాడు. నేను పశువైద్యం చదివింది తర్వాత, గుర్రం నడకను చెవితో పరీక్షించడం నేర్చుకున్నది అక్కడే.

తర్వాత రిక్షాలు, ఆటోలు వచ్చాయి, జట్కాలు పోయాయి. దేశమంతటా అదే కథ. 2019 పశుగణన నాటికి దేశంలో గుర్రాలు, తట్టువలు అనే పొట్టి గుర్రాలు కలిపి 3.4 లక్షలు. అంతకు ముందు 2012 లెక్కలో 6 లక్షల పైచిలుకు. గుర్రాలు తగ్గితే తగ్గాయి, నాకు దిగులు వేరే. వాటితో పాటు ఆ చెంపకు ఆనించి చూసే మనుషులు, లాడాలు కొట్టేవాళ్ళు పోయారు. మిగిలిన కొద్ది గుర్రాలు పెళ్ళిళ్ళ చేతికి వచ్చాయి.

ఇప్పుడు పెళ్ళి గుర్రం సంగతి. నా ఉద్యోగం చివరి రోజుల్లో దగ్గరి వాళ్ళ పెళ్ళికి వెళ్ళాను. వైశాఖం, సాయంత్రం ఆరైనా నేల సెగలు కక్కుతోంది. తెల్ల గుర్రం, మంచి పొడగరి. ఊరేగింపు అయిపోయాక హాలు వెనక కట్టేశారు. వంటశాల కుర్రాడొకడు ప్రేమతో పెద్ద పళ్ళెంలో పులావు, మిగిలిన బూందీ తెచ్చి దాని ముందు పెట్టాడు. నేను అక్కడే చేతులు కడుక్కుంటున్నాను. చూశాను. చూసి కూడా ఏమీ అనలేదు. గొడ్లతోనే గడిచిన బతుకు, ఆవుకు పెడతాం కదా, నాలుగు ముద్దలకు ఏమవుతుందిలే అనుకున్నాను. ఒకటి కాదు, మూడు పళ్ళేలు పెట్టారని తర్వాత తెలిసింది.

రాత్రి పన్నెండున్నరకు ఫోన్. వెళ్ళేసరికి గుర్రం ముందు కాలితో నేల తవ్వుతోంది. మాటిమాటికీ తల తిప్పి తన డొక్క వైపు చూసుకుంటోంది. పడుకుంటోంది, దొర్లుతోంది, లేస్తోంది. ఒళ్ళంతా చెమట. పొట్టకు చెవి ఆనిస్తే పేగుల చప్పుడే లేదు. గుర్రానికి కడుపు శూల వచ్చిందంటే అదే. నొప్పికి ఇంజెక్షన్ ఇచ్చి, ముక్కులోంచి గొట్టం వేసి గ్యాసు తీసి, పారఫిన్ నూనె ఎక్కించి, తెల్లవార్లూ మెల్లగా నడిపించాం. పొద్దున ఆరింటికి పేడ వేసింది. యజమాని ఆ పేడను చూసి ఏడ్చాడు. ప్రాణం దక్కింది. కానీ మూడో రోజుకు ముందు కాళ్ళ గిట్టలు వేడెక్కాయి. పిండి పదార్థం ఎక్కువై వెనక పేగుల్లో పులిస్తే ఆ విషం గిట్ట లోపలి పొరను దెబ్బతీస్తుంది. ఆ గుర్రం మళ్ళీ బరువు మోయలేదు. మార్కో పోలో చెప్పిన అన్నం ముద్ద నా కళ్ళ ముందే పెట్టారు, నేను ఆపలేదు. ఆ రోజు నుంచి ఏ పెళ్ళిలో గుర్రం కనిపించినా ముందు వెనక్కి వెళ్ళి దాని ముందు ఏం పెట్టారో చూస్తున్నాను.

మీరు అడిగిన చివరి మాటకు వద్దాం. గుర్రంతో నిజంగా పనేమైనా ఉందా? ఉంది తల్లీ. మీ ఊళ్ళో పొలానికి వెళ్ళే ప్రతి మనిషికీ ఉంది.

మా బావమరిది విడవలూరు వైపు వరి చేస్తాడు. కోతల్లో పన కింద చెయ్యి పెట్టాడు, రక్తపింజర కాటేసింది. గంటలోపే పెద్దాసుపత్రికి తెచ్చాం. డాక్టరు కాస్త రక్తం గాజు గొట్టంలో పోసి కదపకుండా నిలబెట్టి గడియారం చూశాడు. ఇరవై నిమిషాలయ్యాక గొట్టం వంచితే రక్తం నీళ్ళలా జారింది. గడ్డకట్టలేదు, అంటే విషం ఒంట్లోకి ఎక్కింది. వెంటనే విరుగుడు మందు పది సీసాలు సెలైన్‌లో కలిపి ఎక్కించారు, తర్వాత మళ్ళీ ఇచ్చారు. మధ్యలో వాడికి వణుకు, దద్దుర్లు వచ్చాయి, మా చెల్లెలు టెన్షన్‌తో బిగుసుకుపోయింది. ఆ దద్దుర్లకూ వాడికి ఇంజెక్షన్ ఇచ్చి సర్దారు. ఆ దద్దుర్లు ఎందుకొచ్చాయో మా చెల్లెలికి నేనే చెప్పాను. ఆ మందు గుర్రం రక్తంలోంచి వచ్చింది, మన ఒళ్ళు దాన్ని పరాయిదని ఒక్కోసారి ఎదురు తిరుగుతుంది అని.

పాము విషానికి విరుగుడు ఇలా తయారవుతుంది. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర, ఈ నాలుగు పాముల విషాన్ని అతి కొద్ది మోతాదులో గుర్రానికి ఎక్కిస్తారు. నెలల తరబడి మెల్లగా మోతాదు పెంచుతారు. గుర్రం ఒళ్ళు ఆ విషాన్ని ఎదుర్కొనే రక్షక పదార్థాలు తయారు చేసుకుంటుంది. అప్పుడు కొంత రక్తం తీసి, దాని పసుపుపచ్చ ద్రవాన్ని వేరు చేసి, ఎర్రకణాల్ని తిరిగి గుర్రానికే ఎక్కించవచ్చు. ఆ ద్రవాన్ని శుద్ధి చేసి ఆరబెట్టి పొడిగా సీసాల్లో నింపుతారు. గుర్రాన్నే ఎందుకు ఎంచుకున్నారంటే ఒళ్ళు పెద్దది, రక్తం ఎక్కువ, మచ్చికగా నిలబడుతుంది. ఈ పద్ధతి 1890ల నుంచి ఉంది. మన దేశంలో ఏటా సగటున 58,000 మంది పాముకాటుతో చనిపోతున్నారని 2020లో వచ్చిన అధ్యయనం అంచనా వేసింది. ఆసుపత్రికి వేళకు చేరి బతికినవాళ్ళ ఒంట్లోకి గుర్రం ఇచ్చిన మందే ఎక్కింది. మా బావమరిది ఇప్పుడు దారిలో గుర్రం కనిపిస్తే బండి ఆపి మెడ నిమురుతాడు.

కాబట్టి పెళ్ళికి గుర్రం వద్దని నేను అనను. అది ఆ యజమాని ఇంటికి అన్నం పెడుతుంది. మాట్లాడేటప్పుడు ఎలా మాట్లాడాలో చెబుతాను, మీ నాన్నగారికి కూడా చదివి వినిపించండి.

అడ్వాన్సు ఇచ్చే ముందు మీరే వెళ్ళి గుర్రాన్ని చూడండి. జీను తీయించి వీపు చూడండి, పుండ్లు గానీ వెంట్రుకలు ఊడిన మచ్చలు గానీ ఉంటే ఆ గుర్రం వద్దు. నోటి మూలలు చూడండి. ముళ్ళున్న కళ్ళెం వాడటం చట్టం ప్రకారం నేరం. నాలుగు అడుగులు నడిపించి చెవితో వినండి. గ్లాండర్స్ అనే జబ్బు గుర్రం నుంచి మనిషికి కూడా అంటుకుంటుంది, దానికి పరీక్ష చేయించిన కాగితం అడగండి. బరువు సంగతి కూడా ఉంది. గుర్రం తన బరువులో అయిదో వంతు దాకా మోస్తే మంచిది. పెళ్ళికొడుకు 80 కిలోలు, జీను, అలంకారం ఇంకో 20 అనుకుంటే గుర్రం 500 కిలోలుండాలి. చిన్న తట్టువ మీద పెద్ద మనిషిని ఎక్కించొద్దు. అలాంటిదే దొరికితే అన్నయ్య పక్కన నడుస్తూ పగ్గం పట్టుకున్నా ఫొటో బాగానే వస్తుంది.

వేళ సాయంత్రం పెట్టుకోండి. ఎండ 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా బండి లాగే, బరువు మోసే పశువులతో పని చేయించకూడదని 1965 నాటి నిబంధనలు చెబుతున్నాయి. మన వైశాఖ జ్యేష్ఠాల్లో నాలుగింటికి కూడా ఆ ఎండ తగ్గదు, అది మీరే చూసుకోవాలి. గుర్రానికి సూటిగా ముక్కు ముందు, తోక వెనక ఏముందో కనపడదు. మిగతా చుట్టంతా కనపడుతుంది. అందుకని వెనక నుంచి వెళ్ళి తట్టొద్దు, పక్క నుంచి మాట్లాడుతూ వెళ్ళండి. దాని చెవులు చూస్తూ ఉండండి. ముందుకు తిరిగి ఉంటే కుదురుగా ఉన్నట్టు, వెనక్కి అతుక్కుపోతే భయమో కోపమో వచ్చినట్టు. టపాకాయలు దాని దగ్గర వద్దు. డీజే బాక్సులు కనీసం ఒక వీధి ముందుండాలి.

హాలు వెనక కట్టేసే చోటు నీడలో ఉండేలా చూడండి. ఒక బకెట్ కాదు, పెద్ద తొట్టి నిండా నీళ్ళు పెట్టించండి. వేసవిలో రోజుకు నలభై లీటర్లకు పైగా తాగుతుంది. పచ్చి కసువు ఒక మోపు మాట్లాడి ఉంచండి. వంటవాళ్ళకు, చిన్నపిల్లలకు ముందే చెప్పి ఒక మనిషిని అక్కడ కూర్చోబెట్టండి. అన్నం, పులావు, లడ్డు, ఏదీ దాని దగ్గరికి రాకూడదు. కాలితో నేల తవ్వడం, డొక్క వైపు చూసుకోవడం మొదలుపెడితే ఏ వేళైనా సరే దగ్గరి పశువైద్యుడికి ఫోన్ చేయండి, తెల్లారనిద్దామని ఆగొద్దు.